వాంగ్మూలంగా చదివితే కథ మిగలదు

దళిత, ముస్లిం స్త్రీల కథలూ నవలలూ చేతికొచ్చాక మనం వాటిని ఎలా చదువుతున్నాం?

2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ ఇంగ్లిష్ ఆనర్స్ అయిదో సెమిస్టర్‌లోని ‘స్త్రీల రచనలు’ పేపర్ నుంచి ముగ్గురు రచయిత్రులను తొలగించారు. వాళ్లలో ఇద్దరు తమిళ దళిత రచయిత్రులు, బామా, సుకీర్తరాణి. మూడోది మహాశ్వేతాదేవి కథ ‘ద్రౌపది’. విశ్వవిద్యాలయ పర్యవేక్షక కమిటీ చేసిన ఈ మార్పుకు అకడమిక్ కౌన్సిల్‌లో 15 మంది సభ్యులు అసమ్మతి తెలిపారు. బామా, సుకీర్తరాణిల స్థానంలోకి పండిత రమాబాయి వచ్చారు. పేపర్ పేరు మారలేదు. స్త్రీలు ఉన్నారు. ఆ ఇద్దరు దళిత స్త్రీలు లేరు.

అప్పుడు జరిగిన చర్చలో మనవైపు నుంచి ఎక్కువగా వినిపించిన మాట ప్రాతినిధ్యం. అది న్యాయమైన మాటే. పాఠ్యప్రణాళికలో చోటు కోసం కొట్లాట ఇంకా మిగిలే ఉంది, దాన్ని వదిలేది లేదు. కానీ ఆ చర్చను ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఆ రచనలు వద్దన్నవాళ్లూ కావాలన్నవాళ్లూ వాటిని దాదాపు ఒకే వస్తువుగా చూశారు: బాధకు సాక్ష్యం. ఈ సాక్ష్యం తరగతి గదిలో వినిపించకూడదని ఒకరు, వినిపించి తీరాలని మరొకరు. బామా ఆ పుస్తకాన్ని అలా ఎందుకు కట్టింది, ఎవరి గొంతుతో చెప్పింది, అందులో నవ్వు ఎక్కడుంది, ఎవరి మీద నవ్వు అనే ప్రశ్నలు వెనకబడిపోయాయి.

ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించి. పుస్తకం సిలబస్‌లోకి వచ్చాక, హాస్టల్ గదికి చేరాక, సంఘం చదువు బృందం చేతికి వచ్చాక ఏం చేస్తున్నాం? దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీల కాల్పనిక సాహిత్యాన్ని వాంగ్మూలంగా మాత్రమే చదివితే వాళ్ల చేతిలోంచి రెండోసారి కలం లాక్కున్నట్టే అవుతుందని నా వాదన.

అనుభవం వాళ్లది, ఆలోచన ఇంకెవరిదో

రాజనీతి శాస్త్రవేత్త గోపాల్ గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన ఒక వ్యాసం మన సామాజిక శాస్త్రాల్లోని పని విభజనను బయటపెట్టింది. సిద్ధాంతం చెప్పేది పై కులాలవాళ్లు. అందుకు కావలసిన అనుభవాన్ని, సమాచారాన్ని ఇచ్చేది కింది కులాలవాళ్లు. ఊళ్లో పని విభజన విశ్వవిద్యాలయంలో కొత్త రూపం తొడుక్కుంది.

సాహిత్యంలోనూ ఇదే నడుస్తోంది. ఆధిపత్య కుల రచయిత్రి నవల రాస్తే అందులో శిల్పం, కథన పద్ధతి, కాలంతో ఆట గురించి మాట్లాడతాం. దళిత రచయిత్రి నవల రాస్తే ఆమె ఊరు, ఆమె కులం, ఆమెకు జరిగిన అవమానాల గురించి అడుగుతాం. ‘ఇది మీ జీవితమేనా?’ అన్నది సభల్లో దళిత రచయిత్రులకు తప్పని ప్రశ్న. ‘ఈ కథను మధ్యలోంచి ఎందుకు మొదలుపెట్టారు?’ అని అడిగేవాళ్లు అరుదు. మొదటి ప్రశ్న ఆమెను సాక్షిగా నిలబెడుతుంది. రెండోది ఆమెను రచయిత్రిగా గుర్తిస్తుంది.

సాక్షిగా నిలబెట్టడంలో గౌరవం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ సాక్షికి పరిమితులున్నాయి. సాక్షి చూసింది మాత్రమే చెప్పాలి, ఊహించకూడదు. జోకులు వేయకూడదు. తనవైపు మనిషిని తప్పుపట్టకూడదు, పడితే కేసు బలహీనపడుతుంది. కథకు ఇవన్నీ కావాలి.

బామా ‘సంగతి’లో వాదన ఎక్కడుంది?

బామా ‘కరుక్కు’ 1992లో వచ్చింది. అది ఆత్మకథనాత్మక రచన. రెండేళ్లకు, 1994లో, ‘సంగతి’ వచ్చింది. తమిళంలోనూ తెలుగులోనూ ఆ మాట ఒకటే. మనం ‘ఏం సంగతి?’ అంటామే, ఆ సంగతే. ఇందులో నవలల్లో ఉండే ఒక నాయిక, ఒక కథ, ఒక ముగింపు ఉండవు. పరయర్ వాడలోని స్త్రీలు చెప్పుకునే సంగతులు ఒకదానికొకటి అల్లుకుంటూ పోతాయి. అమ్మమ్మ చెబుతుంది, మనవరాలు ఎదురుప్రశ్న వేస్తుంది, మధ్యలో పాట వస్తుంది, తిట్టు వస్తుంది, నవ్వు వస్తుంది.

మరియమ్మ సంగతి చూడండి. కట్టెలకు పోయిన పిల్ల దాహమేసి నీళ్లకోసం ఒక భూస్వామి పంపుసెట్టు దగ్గరికి వెళ్తుంది. అతను చేయి వేస్తే తప్పించుకుని పారిపోతుంది. తన పరువు పోతుందన్న భయంతో అతనే ముందుగా వాడ పెద్ద దగ్గరికి వెళ్లి, ఈ పిల్ల మాణిక్కంతో తప్పుగా తిరుగుతోందని చెబుతాడు. కులపంచాయతీ కూర్చుంటుంది. మరియమ్మకు 200 రూపాయలు జరిమానా, మాణిక్కానికి 100.

వాంగ్మూలంగా చదివితే ఇది భూస్వామి అఘాయిత్యం. అంతవరకే తీసుకుని కరపత్రంలో రాస్తాం. కథగా చదివితే ఆ రెండు అంకెల దగ్గర ఆగాలి. చేయని తప్పుకు ఇద్దరూ జరిమానా కట్టారు, కానీ ఆడపిల్ల రెట్టింపు కట్టింది. ఆ లెక్క వేసింది భూస్వామి కాదు, వాడలోని మగవాళ్లు. భూస్వామికి కులం ఇచ్చిన ధైర్యం, వాడ మగవాళ్లకు పితృస్వామ్యం ఇచ్చిన అధికారం ఒకే పంచాయతీలో కలిసి ఒక పిల్ల మీద పనిచేశాయి. దీన్ని విడమరచడానికి విద్యావేత్తలు ఎన్నో పేజీలు రాస్తారు. బామా రెండు అంకెలతో చూపించింది.

ఇంకోచోట, ఆడవాళ్లకు దయ్యం పట్టడం గురించి కథకురాలు ఆలోచనలో పడుతుంది. ఎందుకు మా ఆడవాళ్లకే పడుతోంది? పగలంతా పొలంలో, రాత్రి ఇంట్లో, ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేని మనిషికి ఆ పూనకంలోనే అరిచే అవకాశం దొరుకుతోందా? ఇది అనుభవం చెప్పడంతో ఆగదు. అనుభవానికి కారణం వెతుకుతుంది. అంటే సిద్ధాంతం ఆ పుస్తకంలోనే ఉంది. బయటినుంచి ఎవరో వచ్చి తగిలించాల్సిన పని లేదు.

ఎఫ్ఐఆర్‌లో పట్టనిది

ఉద్యమకారులకు సాక్ష్యం విలువ తెలుసు. అట్రాసిటీ కేసు నిలబడాలంటే తేదీ, చోటు, కులం పేర్లు, సాక్షుల పేర్లు ఉండాలి. నిజనిర్ధారణ నివేదిక లేకపోతే చాలా ఘటనలు బయటికి కూడా రావు. ఆ పని ఆగకూడదు. కానీ సాక్ష్యం ఉన్నంత మాత్రాన న్యాయం వచ్చేస్తుందా?

1968 డిసెంబర్ 25న తమిళనాడులోని కీళ్‌వెన్మణిలో కూలి పెంచమన్న దళిత కూలీల వాడమీద దాడి జరిగింది. గుడిసెలో తలదాచుకున్న 44 మందిని సజీవంగా తగలబెట్టారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాములను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంత ఆస్తిపరులు స్వయంగా నడిచి వెళ్లి ఇళ్లు తగలబెట్టారంటే నమ్మడం కష్టమన్న ధోరణి ఆ తీర్పులో ఉంది. మనకిది కొత్త కథ కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండలో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

కీళ్‌వెన్మణి మీద మీనా కందసామి 2014లో ఇంగ్లిష్‌లో ‘ది జిప్సీ గాడెస్’ నవల రాసింది. ఈ నవల పాఠకుడిని కుదురుగా కూర్చోనివ్వదు. కథకురాలు మధ్యమధ్యలో కథ ఆపి మనతో గొడవపడుతుంది. నవల ఇలా ఉండాలని ఎవరు చెప్పారని వెక్కిరిస్తుంది. వినతిపత్రాల భాష, ప్రకటనల భాష, అధికారుల భాష తెచ్చి పక్కపక్కన పెడుతుంది. దారుణం గురించి రాస్తూ ఈ ఆటలేమిటని విసుక్కునే పాఠకులున్నారు. కానీ ఆలోచించండి. మరణాలన్నీ పత్రాల్లో నమోదయ్యాయి, అయినా కోర్టు నమ్మలేదు. అలాంటప్పుడు ఇంకో పత్రంలాంటి నవల రాస్తే ఏం లాభం? పత్రాలు ఎలా అబద్ధమాడతాయో చూపించే నవలే కావాలి. ఆమె చేసిన ‘ఆట’కు కారణం అది.

ఎఫ్ఐఆర్‌లో ఏం జరిగిందన్నదానికి గడి ఉంటుంది. ఆ రాత్రి ముందు ఆమె ఏం అనుకుంది, ఎవరిమీద కోపంతో ఉంది, ఏం వండింది, ఎందుకు నవ్వింది అన్నదానికి గడి ఉండదు. కథ పని అక్కడే మొదలవుతుంది.

తప్పిపోయింది ఎవరు?

తెలుగులో ఎం.ఎం. వినోదిని రాసిన ‘తప్పిపోయిన కుమార్తె’ కథ ఇందుకు మంచి ఉదాహరణ. విశ్వవిద్యాలయంలో చదువుతున్న దళిత క్రైస్తవ యువతి బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి తీరు చూసి మోజుపడుతుంది. ఆ ఇంటి మాట, తిండి, శుభ్రత ముందు తన ఇల్లు, తన అమ్మానాన్నలు చిన్నగా కనిపిస్తారు. చివరికి ఆ మోజు పగులుతుంది. ఇంటిదారి పడుతుంది.

వాంగ్మూలంగా చదివితే ఇది క్యాంపస్‌లో కుల వివక్ష. తప్పు కాదు, కానీ సగమే. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని ఈ కథ తిరగరాస్తోంది. ఆ ఉపమానంలో చిన్న కొడుకు తన వాటా తీసుకుని దూరదేశం పోయి, ఉన్నదంతా తగలేసి, పందులు మేపుకునే స్థితికి దిగజారి, పశ్చాత్తాపంతో తిరిగొస్తాడు. తండ్రి ఎదురెళ్లి కౌగిలించుకుని, కొవ్విన దూడను కోయించి విందు చేస్తాడు.

కొడుకు పోయింది విలాసంలోకి. కూతురు పోయింది ‘పవిత్రత’లోకి. కొడుకు పతనమయ్యాడని అందరూ ఒప్పుకుంటారు. కూతురు మాత్రం, లోకం దృష్టిలో, ‘పైకి’ పోతోంది. మర్యాద నేర్చుకుంటోంది, భాష మార్చుకుంటోంది, ముచ్చటగా తయారవుతోంది. ఆ పైకి పోవడమే తప్పిపోవడమని కథ అంటోంది. సంస్కృతీకరణ మీద సామాజిక శాస్త్రంలో ఎన్నో పుస్తకాలున్నాయి. ఈ విమర్శ మాదిగ, మాల పల్లెల్లోని చర్చిలో ప్రతి ఆదివారం వినిపించే భాషలో వచ్చింది.

ఇక ఉపమానంలోని దూడ విందును ఇప్పటి మన కాలంలో పెట్టి చూడండి. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బీఫ్ ఫెస్టివల్ చుట్టూ జరిగిన గొడవ ఎరిగినవాళ్లకు, ఇంట్లో వండే కూర గురించి హాస్టల్‌లో దాచుకున్నవాళ్లకు, ఆ విందు క్షమాపణకే గుర్తు కాదు. ఎవరింట్లో ఎవరు ఏం తినొచ్చన్న ప్రశ్న కూడా అందులో ఉంది. బైబిల్ తెలియని పాఠకురాలు ఈ కథలో సగం పోగొట్టుకుంటుంది. బైబిల్ మాత్రమే తెలిసిన పాఠకుడు మిగతా సగం పోగొట్టుకుంటాడు. మనం రామాయణ, భారత ప్రస్తావనలను ‘అందరికీ తెలిసినవి’గా తీసుకుంటాం. లూకాను మాత్రం ‘ప్రత్యేక నేపథ్యం’ అంటాం. ఎవరి పురాణం ఎవరికి మామూలు అన్నది కూడా కులం ప్రశ్నే.

కొటేషన్ గుర్తుల మధ్య వాడ

1990లలో స్త్రీవాదం, దళితవాదం తెలుగు సాహిత్యాన్ని కుదిపాయి. మొదటిదానిలో దళిత స్త్రీ సరిపోయేంత స్త్రీ కాలేదు. రెండోదానిలో సరిపోయేంత దళితుడు కాలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘నల్లపొద్దు’ 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. దళిత స్త్రీలు ఇప్పుడిప్పుడే రాయడం మొదలుపెట్టారన్న మాటకు ఆ 1921 ఒక్కటే సమాధానం. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి మాదిగ, మాదిగ ఉపకులాల స్త్రీల కథలతో ‘నల్లరేగటిసాల్లు’ తెచ్చారు. దళిత అన్న ఒక్క మాట కింద ఎన్ని కులాలు, ఎన్ని వృత్తులు, ఎన్ని రకాల వెలి ఉన్నాయో ఆ పుస్తకం అడిగింది. 2004లో వచ్చిన జాజుల గౌరి ‘మన్నుబువ్వ’ కథలను కూడా ఈ వరుసలోనే చదవాలి.

ఈ పుస్తకాల భాషను మనం ‘మాండలికం’ అని, దానికి ‘సహజత్వం’ ఉందని మెచ్చుకుని ముందుకుపోతాం. కొంచెం ఆగి చూడాలి. చాలా తెలుగు కథల్లో ఒక ఏర్పాటు ఉంటుంది. కథ చెప్పే గొంతు ‘ప్రామాణిక’ తెలుగులో ఉంటుంది. కూలిమనిషి నోరు తెరిచినప్పుడు మాత్రం కొటేషన్ గుర్తుల మధ్య ఆమె భాష వస్తుంది. గుర్తు ముగియగానే రచయిత మళ్లీ తన భాషలోకి వెళ్లిపోతాడు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న గీతలాంటిదే ఈ కొటేషన్ గుర్తు. ఆమె మాట్లాడొచ్చు. లోకాన్ని వర్ణించే అధికారం, మనుషుల మీద తీర్పు చెప్పే అధికారం మాత్రం అవతలివైపు భాషదే.

శ్యామల, సుభద్ర కథల్లో ఆ గీత చెరిగిపోతుంది. పొద్దుపొడుపును, చెట్టును, దొర ముఖాన్ని వర్ణించేది కూడా వాడ తెలుగే. సుభద్ర ‘రాయక్క మాన్యమ్’ చదువుతూ కొన్ని మాటల దగ్గర మనం తడబడతాం. తడబాటు మంచిదే. పల్లెనుంచి వచ్చిన మొదటితరం విద్యార్థి ఒకటో తరగతి నుంచి పీజీ దాకా పాఠ్యపుస్తకం ముందు తడబడుతూనే ఉంది. ఈ ఒక్క పుస్తకం దగ్గర ఆ బరువు అవతలివాళ్ల మీద పడుతోంది.

శ్యామల కథల సంపుటి పేరే ఒక సామెతలోంచి వచ్చింది: ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’. 2012లో నవయాన ప్రచురణగా ఇంగ్లిష్‌లోకి వెళ్లిన ఈ కథల్లో ఒక చెరువు తన గోడు తానే చెప్పుకుంటుంది. ఒక బైండ్ల స్త్రీ దేవత కొలుపులో తన పని గురించి కాక, తన భూమి గురించి అడుగుతుంది. ఒక చిన్నపిల్ల పొలానికి నీళ్లు పెట్టబోయి, మీదపడబోయిన భూస్వామిని ఎదిరించి గెలుస్తుంది. ఇంగ్లిష్ అనువాదంలో ఆ కథ శీర్షిక తాటకి మళ్లీ గెలిచిందని చెబుతుంది. రామాయణంలో రాముడి బాణానికి చచ్చిపోయిన తాటక ఇక్కడ బతికుంది, గెలిచింది. ‘మళ్లీ’ అన్న ఆ మాట గమనించండి. ఇంతకుముందూ గెలిచింది, మనకు చెప్పలేదంతే అని దాని అర్థం.

బాధితురాలిని వెతుక్కుంటూ ఈ పుస్తకం తెరిచిన పాఠకుడికి ఆ పిల్ల కొంచెం నిరాశ కలిగిస్తుంది. అది మంచి నిరాశ.

ఇంటిగుట్టు రట్టు చేస్తే?

ఇక చదువు బృందాల్లో అందరికన్నా ఎక్కువ గొంతులు లేచే విషయానికొద్దాం. పీడిత సమూహంలోని స్త్రీ తన వాళ్లను విమర్శిస్తూ రాస్తే ఎలా చదవాలి?

పి. శివకామి తమిళ నవల ‘పళైయన కళిదలుం’ 1989లో వచ్చింది. తంగం అనే దళిత వితంతువును భూస్వామి లొంగదీసుకుంటాడు. శిక్ష మాత్రం ఆమెకు పడుతుంది. ఆధిపత్య కులంవాళ్లు ఆమెను కొడతారు. ఆమె న్యాయం కోసం దళిత నాయకుడు కాత్తముత్తు ఇంటికి వస్తుంది. ఆయన తెలివైనవాడు, ధైర్యస్తుడు, కేసు నడిపిస్తాడు. అప్పటికే ఇద్దరు భార్యలున్న ఆయన చివరికి తంగాన్నీ ఇంట్లో పెట్టుకుంటాడు. ఇదంతా చూస్తూ కూతురు గౌరి పెరుగుతుంది, చదువుకుంటుంది, తండ్రిని ప్రశ్నిస్తుంది.

దళిత నాయకుడిని ఇలా చూపిస్తే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టు కాదా? ఈ ప్రశ్నను శివకామి దాటవేయలేదు. 1997లో ‘ఆసిరియర్ కురిప్పు’ పేరుతో ఆ నవలకు కొనసాగింపుగా ఇంకో రచన చేసింది. అందులో మొదటి నవల రాసిన రచయిత్రే ఒక పాత్ర. ఏది నిజం, ఏది కల్పించాను, ఎవరిని తక్కువ చేశాను, ఎందుకు అని ఆమె తన నవలనే బోనులో నిలబెడుతుంది. 2006లో శివకామి స్వయంగా చేసిన ఇంగ్లిష్ అనువాదం ఈ రెంటినీ కలిపి తెచ్చింది. ఏ వాంగ్మూలమూ తనను తాను ఇలా ప్రశ్నించుకోదు. కల్పన ప్రశ్నించుకోగలదు.

కన్నడ రచయిత్రి బానూ ముష్తాక్‌ది ఇంకో సందర్భం. హాసన్‌లో న్యాయవాది. బండాయ సాహిత్య ఉద్యమంలోంచి వచ్చిన మనిషి. 1990 నుంచి 2023 మధ్య రాసిన 12 కథలను దీపా భాస్తి ఇంగ్లిష్‌లోకి ‘హార్ట్ ల్యాంప్’గా అనువదిస్తే 2025లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఒక కథల సంపుటికి రావడం అదే మొదటిసారి. ఆమె కథ ‘కరి నాగరగళు’లో ఆడపిల్లల్ని కన్నదని భర్త వదిలేసిన తల్లి మసీదు ముతవల్లీ దగ్గర న్యాయం అడుగుతుంది. ఆయన వినడు. ఆ కథ ఆధారంగానే గిరీష్ కాసరవళ్లి 2004లో ‘హసీనా’ సినిమా తీశాడు.

ఈ కథను ముస్లిం మగవాళ్ల మీద నేరారోపణగా వాడుకోవాలని చూసేవాళ్లున్నారు. అలా వాడుకుంటారేమోనని అసలు మాట్లాడొద్దనేవాళ్లూ ఉన్నారు. రచయిత్రి జీవితంలో రెండూ జరిగాయి. మసీదుల్లో స్త్రీలకు ప్రవేశం ఉండాలన్నందుకు 2000లో సొంత సమాజంలోనే సాంఘిక బహిష్కరణ ఎదుర్కొంది. 2025లో మైసూరు దసరాను ఆమె ప్రారంభించకూడదని హిందుత్వవాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు, సెప్టెంబర్ 22న ఆమే ప్రారంభించింది. మొదటివాళ్లకు ఆమె సరిపోయేంత ముస్లిం కాదు, రెండోవాళ్లకు ఆమె ముస్లిం మాత్రమే. ఇద్దరూ కథ చదవలేదు.

కథలోకి వెళితే ముతవల్లీ ఒక మతానికి ప్రతినిధిగా కాక, అధికారం ఉన్న ఒక మనిషిగా కనిపిస్తాడు. బామా కథలోని వాడ పంచాయతీ పెద్దను, బానూ కథలోని ముతవల్లీని పక్కపక్కన పెట్టి చదవండి. మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయతీ ఎలా నడుస్తుందో గుర్తుచేసుకోండి. అప్పుడు ఇది ‘వాళ్ల సమస్య’ అనడం కుదరదు. తెలుగులో షాజహానా కథల సంపుటి పేరు ‘లద్దాఫ్ని’, అంటే దూదేకుల స్త్రీ. ముస్లిం సమాజమంతా ఒకటే ముద్ద కాదని, అందులోనూ కులం ఉందని ఆ పేరే చెబుతోంది.

చదువు బృందాలకు అయిదు ప్రశ్నలు

సంఘాల్లో, హాస్టళ్లలో కలిసి చదివేవాళ్లు ఒక కథ పూర్తయ్యాక ఈ ప్రశ్నలతో మొదలుపెట్టొచ్చు.

1. కథ ఎవరి గొంతులో ఉంది? ఆ గొంతుకు ఏం తెలుసు, ఏం తెలియదు? చిన్నపిల్ల చెబితే ఒకలా, చెరువు చెబితే ఇంకోలా ఎందుకు ఉంటుంది?

2. ఎక్కడ నవ్వొచ్చింది? ఎవరిమీద? ఒక్కచోటైనా నవ్వు రాకపోతే, కథలో నవ్వు లేదా, మనం ఏడవడానికి సిద్ధపడి కూర్చున్నామా?

3. పురాణం, బైబిల్, ఖురాన్, సామెత, పాట, వీటిలో దేనితో కథ వాదిస్తోంది? బృందంలో అది తెలిసినవాళ్లు ఎవరు? ఆ రోజు వాళ్లే మిగతావాళ్లకు పాఠం చెప్పాలి. పల్లె చర్చిలో పెరిగిన అమ్మాయి ఆ రోజు టీచరు.

4. కథలో కులం ఒక్కటే పనిచేస్తోందా, మగతనం, మతం, భూమి, ఉద్యోగం కూడా పనిచేస్తున్నాయా? మరియమ్మ జరిమానాలాగా ఒక చిన్న వివరం దొరికితే దాని దగ్గరే ఆగి మాట్లాడండి.

5. ఎవరు రాశారు, ఎవరి గురించి? ‘ద్రౌపది’లో సంతాల్ స్త్రీ దోప్దీ కథను రాసింది ఆధిపత్య కుల బెంగాలీ రచయిత్రి. గొప్ప కథే. దాన్ని సిలబస్ నుంచి తీసేయడం అన్యాయమే. అయినా సంతాల్ స్త్రీ తానే రాసిన కథ పక్కన పెట్టి చదివితే ఏం మారుతుందని అడగాలి. ఆ రెండో కథ మన దగ్గర లేకపోతే, ఎందుకు లేదని కూడా అడగాలి.

ఇంకో మాట. ‘భిన్న నేపథ్యాల రచయిత్రులు’ అని జాబితా వేసేటప్పుడు ఒక దళిత, ఒక ముస్లిం, ఒక ఆదివాసీ అని తలా ఒకటి పెట్టి ఊరుకుంటాం. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు మొత్తం సమూహానికి సాక్షి అయిపోతారు. ఇద్దరు ఉంటే వాళ్ల మధ్య తేడా కనిపిస్తుంది. శ్యామల తాటకి, వినోదిని తప్పిపోయిన కుమార్తె ఒకేలా ఆలోచించరు. తెలంగాణ పొలంలో దొరతో తలపడే పిల్లకు ఎదురుగా ఉన్నది బలం. క్యాంపస్‌లో చదువుకునే అమ్మాయికి ఎదురుగా ఉన్నది ఆకర్షణ. రెండూ కులమే, కానీ రెండింటితో కొట్లాట ఒకటి కాదు. కనీసం ఇద్దరిని కలిపి చదివితేనే వీళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వినిపిస్తుంది.

సిలబస్‌లోంచి పుస్తకం తీసేయడం ఒక కమిటీకి ఒక మధ్యాహ్నం పని. తీసేసిన రోజున ‘మా బాధ చెప్పే పుస్తకం తీసేశారు’ అని మాత్రమే మనం అనగలిగితే, ఇంకో బాధ చెప్పే పుస్తకం పెట్టాం కదా అని వాళ్లు జవాబిస్తారు. 2021లో రమాబాయి రచనను ముందుపెట్టి అలాంటి జవాబుకు దారి వేసుకున్నారు కూడా. ‘సంగతి’లో రెండు అంకెలతో చెప్పిన వాదన ఇంకెక్కడుందో చూపించమని అడగగలిగితే, ఆ జవాబు నిలవదు. అలా అడగాలంటే ముందు మనం ఆ పుస్తకాన్ని అంత దగ్గరగా చదివి ఉండాలి. ఈ నెల చదువు బృందానికి ఒక కథ చాలు. పైకి చదవండి, తెలియని మాట దగ్గర ఆగండి, ఆ మాట తెలిసినవాళ్లను అడగండి.